రెండుసార్ల ఒక్తావ్ కట్టిన రెక్క

ఒక్తావ్ బెర్జెరో ఈ లోకంలో చేసిన చివరి పని ఒక సొరుగు బాగుచేయడం. అతని చెల్లెలు లుసియెన్ కుట్టుబల్ల కింది సొరుగు, గాలిలో తేమ పెరిగినప్పుడల్లా సగం దాకా వచ్చి మొరాయించేది. నవంబరు నెల. కిటికీ అవతల గోధుమ కోసేసిన పొలాల మీద మంచు తెల్లగా కూర్చుని ఉంది. ఒక్తావ్ సొరుగు ఊడదీశాడు. అందులోని దారపుండలూ బొత్తాలూ ఆమె మంచం మీద కుమ్మరించాడు. అంచు మీద ఒక్కసారి చిత్రిక పట్టి, మళ్ళీ దూర్చి, లాగి చూసి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ ఊడదీశాడు. అలా నాలుగుసార్లు.

"ఇక చాలు అన్నయ్యా! సూపు చల్లారిపోతోంది. రెండోసారికే బాగా వచ్చింది కదా!"

"ఎడమ పక్క పట్టేస్తోంది."

"నాకు పట్టట్లేదు. వాడేది నేను."

"ఇప్పుడు పట్టదే. వానలు ముదిరాక పట్టేస్తుంది, అప్పుడు నా మీదే అరుస్తావు."

అయిదోసారి దూర్చాక గాని అతను భోజనానికి రాలేదు. చల్లారిన సూపు తాగాడు. ఉప్పు తక్కువైందన్నాడు. చిత్రిక పదును పెట్టుకోవాలంటూ పెరట్లోని పనిశాలకు వెళ్ళాడు. మూడు గంటలకు లుసియెన్ కాఫీ పట్టుకెళ్ళేసరికి పనిబల్ల కాలుకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. జుట్టులో చెక్క పొట్టు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. అరవై రెండేళ్ళు.

ఇప్పుడా సొరుగు చిటికెనవేలితో తోసినా జారిపోతుంది. అది చూసినప్పుడల్లా లుసియెన్‌కు కన్నీళ్ళు రావాలి. రావు. ఒళ్ళు మండుతుంది.

ఎందుకంటే ఒక్తావ్ బతుకంతా అంతే. చేసిన పని విప్పి మళ్ళీ చేసేవాడు. కిటికీ బిగించి, ఇంటివాళ్ళు అద్దాలు తుడుచుకున్నాక, దాన్ని ఊడదీసి పట్టుకుపోయేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఒకసారి చేసుకుని, విప్పి, మళ్ళీ చేసుకోవాల్సి వస్తుందని భయపడ్డాడని ఊళ్ళో నవ్వుకునేవారు. ఆ ఊరు పేరు మెర్విల్యే. షార్త్ర్ చర్చి గోపురాలు మబ్బులేని రోజున అక్కడికి కనిపిస్తాయి. మూడు వందల గడప, ఒక బడి, ఒక కెఫే. ఆ కెఫే యజమాని బార్నబే లెకోనే అతనికి 'రెండుసార్ల ఒక్తావ్' అని పేరు పెట్టాడు. ఆ పేరు పెట్టింది మాత్రం కిటికీలను చూసి కాదు. విమానాన్ని చూసి.

అవును, విమానం. ఆ రోజుల్లో ఆ దేశంలో సగం మంది వడ్రంగులకు ఆ పిచ్చి పట్టింది. పత్రికల్లో నమూనాలు అచ్చయ్యేవి. మోటారుసైకిలు ఇంజనూ, నాలుగు దూలాలూ, అవిసెనార బట్టా ఉంటే ఎవరైనా తమ కొట్టంలోనే విమానం కట్టుకోవచ్చని వాటిలో రాసేవారు. బార్లీ పండించేవాళ్ళు, రొట్టెలు కాల్చేవాళ్ళు, ఒక పాస్టరు గారు కూడా కట్టారు. అయితే ఒక్తావ్‌కు ఎగరాలని లేదు. నిచ్చెన మూడో మెట్టు దాటి ఎక్కేవాడు కాదు. పైగా తొంభై నాలుగు కిలోలు. ఆ చిన్న ఇంజను అతన్ని మోసుకుని పొలం దాటేది కాదు.

ఎగరాలన్నది లుసియెన్ కోరిక. ఆమె దర్జీ. నలభై ఎనిమిది కిలోలు. ఒర్లేయాన్ దారిలోని ఎగిరేవాళ్ళ సంఘానికి చిరిగిన రెక్కల గుడ్డ కుట్టిపెట్టేది, బదులుగా వాళ్ళు ఆదివారాలు ఆమెకు నడపడం నేర్పారు. తన ముప్ఫై తొమ్మిదో ఏట పరీక్ష నెగ్గి, విమానం నడిపే అనుమతి పత్రం తెచ్చుకుంది. కాని ఆదివారం వచ్చిందంటే సంఘం విమానం ముందు వరసలో పదకొండు మంది మగవాళ్ళు, చివర ఆమె. తన వంతు వచ్చేసరికి గాలి లేచేది. ఒకరోజు ఇంటికొచ్చి టోపీ తీసి బల్ల మీద కొట్టింది.

"నాకొకటి కట్టిపెట్టు అన్నయ్యా."

"ఏంటి, అల్మరా?"

"విమానం."

ఒక్తావ్ సూపు గిన్నె పక్కకు జరిపాడు. "మోటారు పని నాకు రాదు. చెక్కపనైతే చేస్తాను," అన్నాడు.

అది పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగు శీతకాలం. మరుసటి ఏటి చివరికల్లా తోకా, పొట్టా, ఎడమ రెక్కా తయారయ్యాయి. కుడి రెక్క మిగిలింది.

తొందర ఎందుకో ఇక్కడ చెప్పాలి. లుసియెన్ ఎడమ కంట్లో మసక మొదలైంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు తెలిసింది ఆమెకు. ఎవరికీ చెప్పలేదు, ఒక్తావ్‌కు తప్ప. సెప్టెంబరులో పత్రం కొత్తది చేయించుకోవాలి, దానికి డాక్టరు కళ్ళు చూడాలి. చూస్తే పత్రం ఇవ్వడు. అంటే ఆమెకు మిగిలింది ముప్ఫై ఆరు వేసవి ఒక్కటే. ఆ జూలై రెండో ఆదివారం, ఇళ్ళలో విమానాలు కట్టుకున్నవాళ్ళంతా ఒర్లేయాన్ దగ్గరి పచ్చికబయల్లో కలవబోతున్నారు. అక్కడికి తన విమానంలో తను ఎగిరి వెళ్ళాలి. ఒక్కసారి. ఆ తర్వాత కన్ను పోతే పోనీ అనుకుంది.

"జూలైకి అవుతుందా?" అని క్రిస్మస్ నాడు అడిగింది.

"నువ్వు కూడా చెయ్యేస్తే అవుతుంది."

వేసింది. రెక్కలోని పక్కటెముకలు ముక్కు దగ్గర, అంటే రెక్క ముందంచున, వేలంత లావుండే సన్నటి కర్రలు. వాటిని రెక్క పొడవునా సాగే దూలాలకు జిగురుతో అతికించాలి. విరిగిన పాల నుంచి తీసిన పొడిని చన్నీళ్ళలో కలిపితే తయారయ్యే జిగురు అది. కలిపాక నాలుగు గంటలు పనిచేస్తుంది. ఆ తర్వాత చిక్కబడుతుంది. చిక్కబడ్డాక నీళ్ళు పోస్తే పైకి మళ్ళీ మంచి జిగురులాగే పలచబడుతుంది. కాని అందులో పట్టు ఉండదు.

అందుకని విమానాలు కట్టేవాళ్ళకు ఒక ఆచారం ఉంది. జిగురు కలిపిన ప్రతిసారీ అదే జిగురుతో రెండు పనికిరాని చెక్కముక్కలు అతికించి, తేదీ వేసి, కలిపినవాళ్ళు తమ పేరు మొదటి అక్షరం రాసి పక్కన పెట్టాలి. రెక్క పూర్తయ్యాక, గుడ్డ కప్పబోయే ముందు, ఆ రెక్క తాలూకు ముక్కలన్నీ పట్టుకారులో బిగించి సుత్తితో విరవాలి. విరిగినచోట చెక్క చీలి పీచు లేస్తే జిగురు చెక్కకన్నా గట్టిదన్నమాట. అతుకు దగ్గరే నున్నగా ఊడివస్తే ఆ రోజు జిగురు చెడ్డదన్నమాట. ఇంకో నియమం కూడా ఉంది. ఎవరు కలిపిన జిగురు ముక్క వాళ్ళు విరవకూడదు. తమ వంట తామే రుచి చూసి మెచ్చుకున్నట్టు ఉంటుందని ఒక్తావ్ అనేవాడు. అతను పెన్సిలుతో రాసేవాడు. లుసియెన్ కత్తెర మొనతో గీసేది.

"పెన్సిలు తీసుకోవే. చెక్కను గాయం చేస్తావెందుకు?"

"నీ చెవి మీది పెన్సిలు నాకెందుకు? నా కత్తెర నాకుంది."

మార్చి ఇరవై ఒకటి, శనివారం. ఒక్తావ్ బడి కిటికీలు బిగించడానికి పక్క ఊరికి బండి కట్టుకుని పోయాడు. లుసియెన్ ఉదయమే జిగురు కలిపింది. మూడు పక్కటెముకలు అతికించిందో లేదో, వీధి తలుపు చప్పుడైంది. మదాం టెసియే. ఆవిడ అత్తగారు పోయింది, సోమవారానికి నల్లగౌను కావాలి.

"ఒక్క నిమిషమే అమ్మాయ్, కొలతలు తీసుకుని వదిలెయ్," అంటూ కుర్చీలో కూర్చుని టోపీ విప్పేసింది. ముప్ఫై రెండేళ్ళు ఒకే ఇంట్లో కాపురం ఉన్న అత్తగారి గురించి చెప్పుకొచ్చింది. "కాఫీలో చికోరీ ఎంత వేయాలో కూడా ఆవిడే లెక్కపెట్టేది. ఇప్పుడు నా ఇష్టం వచ్చినంత వేసుకోవచ్చు. అయినా నిన్న పొద్దున చెంచా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను, ఎవరూ ఏమీ అనలేదని."

"చెయ్యి ఎత్తండి మదాం."

"ఎత్తాను కదా. ఆవిడ చెయ్యి ఎత్తిందంటే..."

మదాం టెసియే లేచేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమెను సాగనంపి లుసియెన్ పనిశాలకు పరుగెత్తింది. గిన్నెలో జిగురు జున్నులా ఉంది. ఇంకా పదకొండు పక్కటెముకలు ఉన్నాయి. మరో గిన్నె కలపాలంటే అరగంట నాననివ్వాలి. ఆమె ఒక చెంచాడు నీళ్ళు పోసి కలియబెట్టింది. బాగానే పలచబడింది. మిగతావన్నీ అతికించింది. అలవాటు ప్రకారం చెక్కముక్కలు కూడా అతికించి, అక్షరం గీసి, అరలో పెట్టింది. ఏదో దాచాలని కాదు. సాయంత్రానికి ఆ చెంచాడు నీళ్ళ సంగతి ఆమెకు గుర్తే లేదు.

మే నెలాఖరుకు కుడి రెక్క పూర్తయింది. చెక్కపలకలతో ముక్కు మూసేశారు. ఇక గుడ్డే తరువాయి. లుసియెన్ అవిసెనార బట్ట తేవడానికి పొద్దున్నే బస్సెక్కి షార్త్ర్ వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు బట్ట చుట్టను ఒళ్ళో బిడ్డలా పెట్టుకుని కూర్చుంది. దాన్ని భుజాన వేసుకుని పనిశాల తలుపు తోసింది.

రెక్క రెండు ముక్కలుగా కోసి ఉంది. ముక్కు మీది పలకలు పీకేసి ఉన్నాయి. పక్కటెముకలు కట్టెల మోపులా నేల మీద పడి ఉన్నాయి. ఒక్తావ్ రంపం పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు.

ఆమె బట్ట చుట్టను కింద పడేసింది.

"ఏం... ఏం చేశావ్?"

"విప్పాను."

"విప్పావా! అదేమైనా తొడుక్కునే కోటా విప్పడానికి? ఎందుకు?"

"పక్కటెముకలు వంకరగా ఉన్నాయి. మూడు మిల్లీమీటర్లు."

"మూడు మిల్లీమీటర్లా? గుడ్డ కింద మూడు మిల్లీమీటర్లు ఎవడు చూస్తాడు?"

"గాలి చూస్తుంది."

"చెక్కముక్కలు విరిచావా?"

"విరిచాను."

"ఎలా ఉన్నాయి?"

"చెక్కే విరిగింది," అన్నాడు రంపం పళ్ళు తుడుచుకుంటూ.

"మరి జిగురు బాగుంటే ఇంకేం కావాలి నీకు? జూలైకి ఇంకా ఆరు వారాలే! ఆరు వారాలు అన్నయ్యా! నా కన్ను నీకోసం ఆగుతుందా?"

అతను రంపం మేకుకు తగిలించాడు. అదే ఆమెకు అన్నిటికన్నా భరించలేనిది. తిరిగి తిట్టేవాడైతే కాసేపు తిట్టుకుని ఊరుకునేవారు. అతను వంగి పక్కటెముకలు ఒక్కొక్కటే ఏరి పొయ్యి పక్కన పేర్చాడు. ఒక్కటి కూడా మళ్ళీ వాడలేదు. దూలాలు కూడా రంపం తగిలి పాడయ్యాయి. కొండప్రాంతం నుంచి కొత్త చెక్క తెప్పించాలి, ఆరబెట్టాలి. ఆ వేసవి అతను కిటికీల పని మానేసి పొద్దుటి నుంచి చీకటిపడేదాకా రెక్క మీదే ఉన్నాడు. భుజం వాచింది. అయినా తొందరపడలేదు. అదీ ఆమెకు మంటే. ఆమె జిగురు గిన్నె ముట్టుకోలేదు. ముట్టుకోమని అతనూ అడగలేదు.

జూలై రెండో ఆదివారం ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తోంది. తల మీదుగా మూడు చిన్న విమానాలు ఒర్లేయాన్ వైపు పోయాయి. ఒక్తావ్ తలుపు దగ్గరికొచ్చి పైకి చూశాడు.

"చూడు, బాగా చూడు. అందులో నాలుగోది నాది. మూడు మిల్లీమీటర్లు తక్కువై ఆగిపోయింది," అంది ఆమె నోట కరుచుకున్న బట్టల క్లిప్పులు తీయకుండానే.

సెప్టెంబరులో డాక్టరు ఆమె కన్ను చూసి పత్రం ఇవ్వనన్నాడు. నవంబరులో రెక్క పూర్తయింది. అద్భుతంగా ఉంది. వేలితో కొడితే డోలులా మోగింది. ఆమె గుడ్డ కుట్టింది, కుట్టుకుట్టుకూ గొణుగుతూ. గుడ్డ బిగుసుకోవడానికి పూసే ద్రావకం పూసింది. ఆ వాసనకు వారం రోజులు రొట్టె కూడా అదే రుచి.

కెఫేలో బార్నబే లెకోకు పండగైంది. ఒక్తావ్ గడప దాటగానే అందుకునేవాడు.

"ఏమోయ్ రెండుసార్ల ఒక్తావ్! ఈ గ్లాసు ఒకసారి తాగుతావా, రెండుసార్లా? తాగి, బయటికి తీసి, మళ్ళీ తాగుతావా?"

అందరూ నవ్వేవారు. ఒక్తావ్ కూడా కొంచెం నవ్వి, "మొదటిసారికి సరిగ్గా పోసుంటే ఒకసారే," అని కూర్చునేవాడు. లుసియెన్ అక్కడుంటే ఆమే అందరికన్నా గట్టిగా నవ్వేది. ఆ నవ్వులో సరదా ఏమీ లేదు.

రెండేళ్ళు విమానం కొట్టంలో కోళ్ళకు నీడ ఇచ్చింది. ముప్ఫై ఎనిమిదిలో బ్రూ ఊరి నుంచి రెమి కోలా అనే బీట్‌దుంపల రైతు గుర్రబ్బండి తెచ్చి దాన్ని కొనుక్కుపోయాడు. ఒక వేసవీ, మరో సగం వేసవీ ఎగిరాడు, యుద్ధం వచ్చి అందరినీ దించేదాకా. ఒకసారి తుపానులో చిక్కుకుని బీట్‌దుంపల పొలంలో బలంగా దిగాడట. చక్రాలు ఊడిపోయాయి, రెక్కకు మాత్రం ఏమీ కాలేదట. ఆ సంగతి రాసి ఒక కార్డు పంపాడు. ఒక్తావ్ ఆ కార్డును రెండుసార్లు చదివాడు.

"ఎందుకవుతుంది, రెండుసార్లు కట్టింది కదా," అంది లుసియెన్.

పదహారేళ్ళు ఆ మాట ఆమె వదల్లేదు. రొట్టె మాడినా, బస్సు తప్పినా, వాన కురిసినా చివరికి మాట ఆ రెక్క దగ్గరికి వచ్చేది. "నా వేసవి మింగేశావు అన్నయ్యా," అనేది. యుద్ధంలో, బంగాళాదుంప తొక్కలు ఉడకబెట్టుకు తిన్న శీతకాలంలో కూడా అంది. అతను "అవునే" అనేవాడు. అంతే. ఒక్కసారి మాత్రం, ఆమెకు జ్వరం తగ్గి లేచిన రోజున, గ్లాసు అందిస్తూ, "నువ్వు ఉన్నావు కదా. వేసవులు వస్తాయి," అన్నాడు. ఆమెకు ఇంకా కోపమొచ్చింది. వేసవులు ఆమెకు కావలసినవి కావు. ఆ ఒక్కటే కావాలి.

అంత్యక్రియల రోజు మంచు కమ్మింది. శవపేటిక ఒక్తావ్ తనకోసం తానే చేసి పెట్టుకున్నది. మూత సరిగ్గా పట్టింది. బార్నబే లెకో లుసియెన్ చెయ్యి పట్టుకుని, "మన రెండు..." అని మొదలుపెట్టి, ఆగి, "మన ఒక్తావ్," అన్నాడు. ఆమె అనుమతిస్తే అతను పూర్తిగా అనేవాడే. అనమని చెప్పాలనే ఆమెకూ ఉంది. అంత చిరాకులోనూ ఆ పేరు లేకుండా అన్నయ్య ఎవరో పరాయివాడిలా అనిపించాడు.

డిసెంబరులో చలి గట్టిగా పట్టింది. కట్టెలు తడిసి అంటుకోవడం లేదు. ఎండు ముక్కల కోసం లుసియెన్ పనిశాలంతా వెతికింది. పనిబల్ల కింద, చిత్రిక పొట్టు వెనక, ఒక పాత బిస్కెట్ల డబ్బా దొరికింది. మూత తీస్తే జిగురు పరీక్షించిన చెక్కముక్కలు. విరిగిన సగాలు రెండేసి కలిపి, దారంతో కట్టి పెట్టాడు. విరగ్గొట్టాక కూడా భద్రపరచడం! ఆమె పళ్ళు కొరుక్కుంది. డబ్బా వంటింట్లోకి తెచ్చి, పొయ్యి ముందు కూర్చుని, దారాలు విప్పి ఒక్కొక్క జతే లోపలికి వేయసాగింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. చెక్క చీలి, పీచు లేచి, ముళ్ళపందిలా. కొన్నిటి మీద పెన్సిలుతో అతని అక్షరం, కొన్నిటి మీద కత్తెరతో ఆమెది. బాగా మండాయి.

డబ్బా అడుగున ఒక జత మిగిలింది. దారం విప్పగానే రెండు సగాలూ ఆమె అరచేతిలో పక్కపక్కన జారిపడ్డాయి. విరిగినచోట పీచు లేదు. వెన్న పూసి తుడిచినట్టు నున్నగా ఉంది. ఆమె దాన్ని మంట వెలుగులో తిప్పింది. మార్చి ఇరవై ఒకటి, ముప్ఫై ఆరు. కిటికీ బిగింపుకు ఒక్తావ్ పక్క ఊరు పోయిన శనివారం. మదాం టెసియే నల్లగౌను. చెంచాడు నీళ్ళు.

అక్షరం పెన్సిలుతో ఉంది. ఒక్తావ్ అక్షరం. దాని కింద చెక్క గోరంత మేర పల్లంగా ఉంది, గరుకు కాగితంతో రుద్దినట్టు. ముక్కను కాస్త వాల్చి పట్టుకుంటే, ఎంత రుద్దినా పూర్తిగా పోని తన కత్తెర గీత ఒకటి ఆ పల్లంలో కనిపించింది.